జర్రా తేనెలో సున్నం

తాటిచెట్టుకు కట్టే లొట్టికి లోపల సున్నం పూస్తే కల్లు నీరాగానే ఉండిపోతుంది. పొంగదు, పులవదు, తలకెక్కదు. ఈ సంగతి మంగళమ్మకు ఎవరూ పాఠం చెప్పలేదు. నల్లగొండ జిల్లాలో తాళ్లు గీసే ఇంట్లో పుట్టి, తాళ్లు గీసేవాడికే పెళ్లామై, ముప్పై ఏళ్లు మండువాలో, అంటే ఊరి కల్లు దుకాణంలో, కల్లు పోసిన మనిషి ఆమె. తాగేవాళ్లకు ఉత్త లొట్టి, బెల్లం వండుకోవడానికి సున్నపు లొట్టి. చెట్టు ఒకటే, నీరు ఒకటే. ఏ లొట్టి కడితే ఆ బతుకు.

అందుకే ఆ తెల్లవారుజామున, కొడుకు విఠల్ గనికి పోయే విమానం కోసం బయలుదేరిన పావుగంటకు, మంగళమ్మ తన ఆకువక్కల సంచీలోంచి సున్నపు డబ్బా తీసుకుని గరాజులోకి నడిచింది. కొడుకు కాపురమున్న పరాయి దేశపు పేట పియారా వాటర్స్‌లో అప్పుడప్పుడే వెలుగు పడుతోంది. అక్కడ చెక్క బల్ల మీద ఇరవై లీటర్ల గాజు జాడీ ఉంది. దాన్నిండా లేత బెల్లపు రంగు నీళ్లు. మూతికి రబ్బరు బిరడా, దానికి వంకర గొట్టం, గొట్టంలో కాసిన్ని నీళ్లు. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు, అందుకని ఆ ఏర్పాటు. బిరడా తీసింది. డబ్బాలో ఉన్న సున్నమంతా చెంచాతో జారవిడిచింది. జాడీని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లను ఊపినట్టు అటూ ఇటూ ఊపింది. బిరడా మళ్లీ పెట్టేసి, ఇంట్లోకి వచ్చి మనవరాలికి పాలు కాచింది.

ముందురోజు ఆ జాడీ నింపుతుంటే ఆమె అడిగే ఉంది.

"ఏందిరా గది?"

"తేనె కల్లమ్మా. ఇక్కడోళ్లు మీడ్ అంటరు. తేనె, నీళ్లు, ఇంత ఈస్టు. గంతే."

"తేనెను గూడ ఇడిసిపెట్టకపోతిరి గదరా!"

విఠల్ పకపకా నవ్వాడు. కొడుకు నవ్వు కూడా అచ్చం తండ్రిదే.

ఆమె డిసెంబరులో వచ్చింది. వచ్చిన వారం నుంచీ చూస్తోంది. విఠల్‌కు రెండు వారాలు గనిలో పని, ఒక వారం ఇంట్లో. ఇంట్లో ఉన్న వారం రోజులూ సాయంత్రమయ్యేసరికి గరాజులోంచి ఒక సీసా లోపలికి వచ్చేది. ఒకరోజు మల్బరీ పండ్లు వేసిన ఎర్రది. ఒకరోజు మామిడిపండుది. ఒకరోజు మారీ చెట్ల తేనెతో చేసిన ఉత్తది. "రుచి చూస్తున్ననమ్మా, ఎట్ల కుదిరిందో తెల్వాలె గద," అనేవాడు. మొదటి గ్లాసుకూ ఆ మాటే, మూడో గ్లాసుకూ ఆ మాటే.

ఆమె మొగుడు రామచంద్రం కూడా రుచే చూసేవాడు. ఊళ్లో అంతటి గీతగాడు లేడు. ఎంత గాలివానలోనైనా మోకు వేసుకుని ఎక్కితే ఉడుత ఎక్కినట్టే ఉండేది. చెట్టు మీంచి ఏనాడూ పడలేదు. లొట్టిలో పడ్డాడు. యాభై రెండో ఏట కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయాడు.

అప్పుడు కట్టలేని సున్నపు లొట్టి, ఇప్పుడు కట్టాననుకుంది మంగళమ్మ.

రెండు వారాలకు విఠల్ వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా నేరుగా గరాజులోకి పోయాడు. ఎంతకూ రాకపోతే కోడలు సింధుజ వెళ్లి చూసి, అత్తను పిలిచింది. విఠల్ మోకాళ్ల మీద కూర్చుని జాడీకి చెవి ఆనించి ఉన్నాడు. రామచంద్రం లొట్టి దించగానే అలాగే చెవి పెట్టి, పొంగు సద్దు విని, ఇది పొద్దుటికి తీపి, ఇది మాపటికి పులుపు అని చెప్పేవాడు.

"ఒక్క బుడగ గూడ లేదు," అన్నాడు విఠల్. "కార్యం లేని ఇల్లు తీర్గ ఉంది. ఇది ఇక్కడి అడవిల జర్రా చెట్ల తేనె, మందు అసుంటిదమ్మా, పురుగును చంపుతది. ఈస్టును గూడ చంపినట్టుంది."

అడుగున తెల్లటి మడ్డి చూసి అది చచ్చిన ఈస్టే అనుకున్నాడు. కొత్త ఈస్టు తెచ్చి వేశాడు. రెండు రోజులు చూశాడు. అదీ చచ్చింది. ఆ రెండు రోజులూ సీసా లోపలికి రాలేదు. మంగళమ్మ సంతోషించాలి మరి. కానీ కొడుకు అన్నం కెలికి లేస్తుంటే ఆ సంతోషం గొంతు దిగలేదు.

మూడో రోజు వెనక సామాను తొట్టి ఉన్న తెల్ల యూట్ బండి ఒకటి వాకిట్లో ఆగింది. దిగిన ముసలాయన పేరు కాలిన్. అడవి అంచున తేనెటీగల పెట్టెలు పెట్టుకుని బతికే మనిషి. జాడీలోని తేనె ఆయన ఇచ్చిందే. నడుం పట్టుకుని వంగి, మంగళమ్మకు చేతులు జోడించాడు, అది తనకు విఠల్ నేర్పిన విద్య. ఆ చేతుల వైపు చూసింది ఆమె. వేళ్లు ఉబ్బి, కణుపులు వంకర్లు తిరిగి ఉన్నాయి. చెట్టు ఒరిపిడికి రామచంద్రం ఛాతీ మీద కట్టిన కాయ ఆమెకు గుర్తొచ్చింది.

"ఏమంటుండు?" అని అడిగింది, ఆయన ఏదో చెబుతూ నవ్వుతుంటే.

"పోతే పోయిందిలే, తేనె గద, మల్లొస్తది అంటుండు. కానీ రాదమ్మా. జర్రా చెట్టు ఏటేటా పుయ్యదు, ఏడాది ఇడిసి ఏడాది పూస్తది. వచ్చే పూతకు ఆయన ఉండడు. నడుం పోయింది, పెట్టెలు లేపలేడు. జూన్‌ల అన్నీ అమ్మేస్తుండు. ఆఖరు తేనె ఇది. అప్పుడు మనింట్ల బార్బీ పెట్టుకుని, మాంసం కాల్చుకుని, దోస్తులందరికి ఇదే పొయ్యాలె అనుకున్నం."

మంగళమ్మ మళ్లీ ఆ వంకర వేళ్ల వంక చూసింది.

విఠల్ జాడీని ఎత్తి పొట్టకు ఆనించుకుని, పెరట్లో మురుగు జాలీ దగ్గరికి మోసుకుపోయాడు. కాలిన్ బిరడా తీశాడు. జాడీ వంగింది. దాని మూతి దాకా నీళ్లు వచ్చాయి.

"పారబొయ్యకు!"

ఆ కేక తన గొంతులోంచి వచ్చిందని మంగళమ్మకు ఒక క్షణం తరవాత గానీ తెలియలేదు. మండువాలో ముప్పై ఏళ్లు ఒకటే కట్టుబాటు. కల్లు పులిసినా, ఈగలు పడినా, మొగుడి మీద ఎంత కోపం ఉన్నా, ఒకడు ఎక్కి దించింది నేలపాలు చెయ్యకూడదు. ఎక్కినోడి పానం దాంట్ల ఉంటది అనేది అత్త. ఆ కట్టుబాటు ఇప్పుడు సొంత బుద్ధి కంటే ముందు నోట్లోకి వచ్చింది.

ఆమె లోపలికి పోయి సున్నపు డబ్బా తెచ్చి, మూత తీసి కొడుకు ముందు పెట్టింది. ఉత్త డబ్బా.

"ఈస్టు సచ్చిందంటే దాని తప్పు గాదు. నేనేసిన."

విఠల్ డబ్బా వంక చూశాడు, జాడీ అడుగున తెల్ల మడ్డి వంక చూశాడు. గీత ఇంట్లో పుట్టినవాడికి ఆ రెంటినీ కలపడం ఎంతసేపు?

"గిదేం పనమ్మా? ఎందుకేసినవ్?"

"ఎందుకో నీకు తెల్వదా?"

విఠల్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి సింధుజ నెమ్మదిగా అంది, "అత్తమ్మ చేసింది తప్పే. కానీ ఆమె ఏసింది, నేను ఏసుడు చేతగాక ఊకున్న."

విఠల్ భార్య వంక చూసి, జాడీని తిన్నగా నేల మీద దించాడు. కాలిన్‌కు తెలుగు రాదు కానీ ఇల్లు అంటే తెలుసు. యూట్‌లో ఏదో మరిచిపోయినట్టు వీధిలోకి పోయాడు.

మంగళమ్మే కొంగు బిగించింది.

"సున్నానికి పులుపు ఇరుగుడు. బెల్లంల సున్నం ఎక్కువైతే మేం చింతపండు పులుసు పోస్తుంటిమి. తేనెల చింతపండు బాగుండదు. ఆ చెట్టు మీది పండ్లు పుల్లగనే ఉన్నయ్ గద?"

పెరట్లో ప్లమ్ చెట్టు ఉంది. సగం కాయలు ఇంకా దోరగానే ఉన్నాయి. విఠల్ పోయి కాలిన్‌కు సంగతి చెప్పి పిలుచుకొచ్చాడు. మంగళమ్మ చెప్పింది, ఇద్దరు మగవాళ్లూ చేశారు. ముందు పైతేటను గొట్టంతో వేరే జాడీలోకి తీసి, తెల్ల మడ్డిని అడుగునే వదిలేశారు. ప్లమ్‌లు పిసికి రసం తీశారు, చాలకపోతే పక్కింటి నిమ్మకాయలు పిండారు. పులుపు ఎంతుందో కొలిచే కాగితాల కోసం విఠల్ సొరుగులన్నీ వెతుకుతుంటే, ఆమె తెల్ల పళ్లెంలో చిటికెడు పసుపు వేసి, జాడీలోంచి ఒక చుక్క తీసి కలిపింది. పసుపు పారాణిలా ఎర్రగా తిరిగింది.

"ఇంక సున్నం ఉంది. పొయ్యి."

రసం పోశారు. ఇంకో చిటికెడు పసుపు. నారింజ రంగు. మళ్లీ పోశారు. అయిదోసారి పసుపు పసుపుగానే ఉండిపోయింది. కాలిన్ ఆశ్చర్యంగా గడ్డం గోక్కుని "వెల్, ఐ విల్ బి..." అని సగంలో ఆపేశాడు. మనవరాలు సృజన మాత్రం "నానమ్మ, దట్స్ ఆన్ ఇండికేటర్! వి డిడ్ ఇట్ ఇన్ సైన్స్!" అని గంతులేసింది.

"మేం పెండ్లిల్ల చేసినం," అంది మంగళమ్మ.

ఈస్టు వేసే ముందు కొడుకు చేయి పట్టుకుని ఆపింది.

"ఒక మాట. నేనున్నన్ని దినాలు ఈ ఇంట్ల ఎవరికి పోసినా నేనే పోస్త. నువ్వు సీసా ముట్టద్దు."

విఠల్ కొంచెం ఆలోచించాడు. మండువాలో పోసే మనిషి మాటే మాట. అమ్మ లొట్టిని బోర్లించిందంటే ఊరి పటేలైనా లేచి ఇంటికి పోవలసిందే. చిన్నప్పుడు చూసినవాడే. ఒక్క నాన్నకే ఆమె ఏనాడూ బోర్లించలేదు. అదీ చూసినవాడే.

"సరే," అన్నాడు.

మర్నాడు పొద్దున గొట్టంలోని నీళ్లలో మొదటి బుడగ గుబుక్కుమంది. మంగళమ్మ ఎవరూ లేకుండా చూసి జాడీకి చెవి ఆనించింది. లోపల సన్నగా వాన పడుతున్నట్టుంది. ఇంత అసహ్యించుకున్నదాన్ని ఇంత బాగా ఎరగడమేమిటని ఆమెకు నవ్వొచ్చింది.

జూన్ మొదటి సోమవారం సెలవు. ముందురోజు ఆదివారం పొద్దున వాన కురిసి, మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. వెనక పందిరి కింద పదిమంది చేరారు. కాలిన్ దోస్తులు నలుగురు, విఠల్‌తో గనిలో పనిచేసేవాళ్లు కొందరు. పెనం మీద మాంసం చుయ్‌మంటోంది. మంగళమ్మ శుభ్రమైన చీర కట్టుకుని, స్టీలు చెంబు పట్టుకుని బల్ల తలాపున కూర్చుంది. ముందు నాలుగు చుక్కలు ప్లమ్ చెట్టు మొదట్లో పోయినవాళ్ల పేరిట సాక పోసింది. ఎవరి పేరు తలుచుకుందో ఎవరూ అడగలేదు. తరవాత మొదటి గ్లాసు కాలిన్‌కు ఇచ్చింది.

ఆయన వాసన చూశాడు. ఒక గుటక మింగి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి విఠల్‌తో ఏదో అన్నాడు.

"అడవి వాసన అట్లనే ఉంది, ఎనకాల పండు పులుపు తగులుతుంది అంటుండు. నీకు చెప్పమన్నడు."

"ఆఖర్న నాలిక మీద కొంచెం మన్ను వాసన తగుల్తలేదా?" అంది మంగళమ్మ.

విఠల్ అడిగాడు. తగులుతోందన్నాడు కాలిన్.

"అది నా సున్నం. అది పోదు. చెప్పు."

విఠల్ చెప్పాడు. బల్ల చుట్టూ నవ్వులు. ఆమె వరసగా పోసుకుంటూ పోయింది, మనిషి మొహం చూసి ఒకరికి నిండుగా, ఒకరికి సగం. నేను ఇంటికి డ్రైవ్ చెయ్యాలన్న కుర్రవాడికి మజ్జిగ పోసింది. విఠల్‌కు ఒకటి పోసింది. కాసేపాగి రెండోది పోసింది.

చీకటి పడబోతుండగా విఠల్ మూడోసారి గ్లాసు చాపాడు. గొంతు పెద్దదైంది, నవ్వు పెద్దదైంది. "పొయ్యమ్మా! కాలిన్ ఆఖరు తేనె! రుచి తెల్వాలె గద!"

చెంబులో ఇంకా ఉంది. ఇలాంటి సాయంత్రాలు మంగళమ్మ బతుకులో ఎన్నో ఉన్నాయి, ఇదే మాట, ఇంతమంది ముందు, ఇలాగే చాపిన చెయ్యి. ప్రతిసారీ నలుగురిలో మొగుడి పరువు పోతుందని పోసింది. సింధుజ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది.

మంగళమ్మ చెంబులో ఉన్నది కాలిన్ గ్లాసులోకి వంపింది. ఒక్క చుక్క నేలపాలు కానివ్వలేదు. తరవాత ఖాళీ చెంబును బల్ల మీద బోర్లించింది.

"సాలు బిడ్డా. రుచి తెలిసింది."

విఠల్ చాపిన చెయ్యి అలాగే ఉంది. బోర్లించిన చెంబు వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. కొడుకు కోపంతో లేచిపోయినా సరే, ఈసారి ఆ చెంబు లేపేది లేదు.

విఠల్ చెయ్యి వెనక్కి తీసుకుని, తన గ్లాసును చెంబు పక్కనే బోర్లించాడు.

ఇదేదో వీళ్ల ఆచారం కాబోలు అనుకున్నాడు కాలిన్. గ్లాసులో ఉన్నదంతా మర్యాదగా తాగేసి, తనదీ బోర్లించాడు. ఆయన దోస్తులూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే బోర్లించారు.

మంగళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో సింధుజకు తెలియలేదు. చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టి, "అన్నం తిందాం రాండ్రి అత్తమ్మా," అంది.