బాయికి అందిన చేంతాడు

నేను ఒక చేంతాడును. కోనసీమ కొబ్బరిపీచులో పుట్టాను. కొత్త పెళ్ళికూతురు సత్యవేణి సారెలో, పూతరేకుల డబ్బాకీ కొత్త బిందెకీ మధ్య చుట్టుకుని పడుకుని ఈ బొగ్గుగనుల పట్నానికి వచ్చాను. తీరా చూస్తే కంపెనీ క్వార్టర్లో కుళాయి! నన్ను మేకుకు తగిలించారు.

మర్నాడు పక్కింటి ఓదెమ్మ పలకరించింది. "పెనిమిటి కోసం చూస్తున్నవా పిల్లా? ధర్మయ్య పొద్దుగాలనే బాయిల దిగిండు."

డ్యూటీకని వెళ్ళిన మనిషి నూతిలో దిగడమేమిటి! సత్యవేణి నన్ను భుజాన వేసుకుని, "మా ఆయన నూతిలో పడిపోయారండీ! రండి!" అంటూ పరుగు. ఇక్కడ గనినే బాయి అంటారని మాకేం తెలుసు?

బాయి ఎటని అడిగితే అందరూ గని గేటే చూపించారు. అక్కడ ఒకటే నవ్వులు. "గీ తాడు యాడికందుతదమ్మా? మా బాయి పాతాళం దాక ఉంటది!" అన్నాడు వాచ్‌మన్.

ఆమె భుజం మీంచి గని నోట్లోకి తొంగిచూశాను. అంత చీకటిని నేనెన్నడూ చూడలేదు. అందులోంచి ఇనుప పంజరమొకటి పైకి తేలింది. నిండా నల్లటి మనుషులు. తెల్లటి నవ్వును బట్టి మొగుణ్ణి పోల్చుకుంది సత్యవేణి.

"నన్ను చేదుకపోదామని వచ్చినవా?" అన్నాడతను. సిగ్గుతో నన్నే మొహానికి అడ్డం పెట్టుకుంది.

అడవిలో ఆ ఒక్క గొయ్యి తవ్వితే రైలొచ్చింది, అంగడి వచ్చింది, సినిమా హాలొచ్చింది. దేశానికి వెలుగివ్వడానికి చీకట్లోకి దిగే మనుషుల్ని మేకు మీంచి చూస్తూ ఎన్నేళ్ళు ఆశ్చర్యపోయానో! గనిలో ఊరే నీళ్ళను పంపులు తోడిపోస్తే, అవే మా కుళాయిల్లో వచ్చేవి.

బొగ్గు అయిపోయింది. పంపులు ఆగాయి. కుళాయిలు ఎండాయి. మా ఇల్లూ ఓదెమ్మ ఇల్లూ తప్ప వీధికి వీధే ఖాళీ.

ఒక వేసవిలో ధర్మయ్య కూడా అన్నాడు: "ఇగ నీళ్ళు లేని ఊళ్ళె ఉండలేం వేణీ. సామాన్లు సర్దు."

పరుపు కట్టడానికి నన్ను దించిన సత్యవేణి ఆగిపోయింది. "ఏవండీ, పంపులాగిపోతే లోపల ఊరే నీళ్ళన్నీ ఏమైనట్టు?"

బిందె పట్టుకుని గని దగ్గరికి నడిచింది. "అందదే పిచ్చిదానా!" అంటూ వెనకాలే ధర్మయ్య. బిందె మెడకు కట్టి గట్టు మీంచి నన్ను వదిలింది. దిగాను, దిగాను. ఇక నా కొస మాత్రమే ఆమె చేతిలో మిగిలింది. అప్పుడు తగిలింది, చల్లగా! బిందె బుడబుడమంది.

ఓదెమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓసినీ! నిజంగనే బాయైందే!"

ఆ సాయంత్రమే మూటలు విప్పారు. ఇప్పుడు ఆ గట్టు మీద గిలక ఉంది, గిలక మీద నేనున్నాను. పీచుతాడుకు తడిస్తేనే బలం. ఆ సంగతి నాకు ముసలితనంలో తెలిసింది.