మగ్గం గుంటలో సీమబాతు

"ఇరవై ఎనిమిది దాటిపోయినాయే. ఇంకా దాన్ని కూర్చోబెట్టి ఏం చేస్తావు, తీసి దిబ్బలో పారెయ్" అంది మా అత్త నాంచారమ్మ, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే. నేను చెయ్యి ఆపలేదు. చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే మా ఆయన గొంతు లేస్తుంది.

"సీమబాతుకి ముప్పై అయిదు రోజులత్తా" అన్నాను.

"నాకు చెబుతున్నావా? మా పుట్టింట్లో యాభై బాతులుండేవి. కోడికి ఇరవై ఒకటి, బాతుకి ఇరవై ఎనిమిది. సీమదైతే మాత్రం, వారం ఎక్కువ మోస్తుందా ఏంది?" అని నవ్వింది. మగ్గంలోంచి ఆయన కూడా నవ్వాడు. ఆయన పేరు భావనారాయణ. ఆ ఇంట్లో నా మాట మీద తల్లీ కొడుకులిద్దరూ కలిసి నవ్వుకోవడం నాకు అలవాటే. కానీ ఆ రోజు నాకు కోపం రాలేదు. లోలోపల ఏదో గంతులేస్తోంది. ఇంకా ఆరు రోజులు. ఆరంటే ఆరు.

మాది పేరాలలో నేతపని ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గం గుంటలు. ఒకప్పుడు మా మామా, ఆయన తమ్ముడూ పక్కపక్కనే కాళ్ళు దించుకుని నేసేవాళ్ళట. ఇప్పుడు మామ గుంటలో మా ఆయన కూర్చుంటాడు. రెండోది ఖాళీ. నడుం దాకా లోతు, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. నా బాతు తనంతట తానే ఆ గుంటని ఎంచుకుంది. కార్తీకంలో ఒక రోజు పొద్దున చూస్తే, రొమ్ము మీది మెత్తటి ఈకలు పీకి పరుచుకుని, వాటి మధ్య పది గుడ్లు పొదువుకుని కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి సాయంత్రానికొకటి చొప్పున ఎర్రదారానికి ముడులు వేస్తూ వచ్చాను.

నా బాతు. ఆ మాట మనసులో అనుకున్నా ఒళ్ళు జల్లుమంటుంది. ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. ఇంట్లోంచి ఎన్ని చీరలు వెళ్ళాయో. ప్రతి చీరలోని పేక, ఆ అడ్డపు నూలంతా, నా వేళ్ళ మధ్య నుంచి జారిపోయిందే. చీరలు కొనే చేనేత సంఘం వాళ్ళు అంచు పట్టుకుని చూసి "భావనారాయణ నేత అంటే చెప్పక్కర్లేదు" అంటారు. అందులో ఒకాయన ఓసారి మాటవరసకి "మీ ఆవిడేం చేస్తుంది?" అని అడిగితే, "ఏముంది, ఇంట్లోనే ఉంటది" అన్నాడు ఈయన. ఆ మాట అనేటప్పుడు నేను రెండు బారల దూరంలో రాట్నం తిప్పుతున్నాను. వచ్చినాయన తల తిప్పి చూసి మర్యాదగా నవ్వాడు. అప్పుడు నా చేతిలో దారం తెగింది. తెగిన చోట ముడేసి మళ్ళీ తిప్పాను.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడాది దారం కోసి నా చూపుడువేలు చీము పట్టింది. "తగ్గిందాకా కండెలెవరు చుట్టాలి?" అన్నాడాయన. నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు. కట్టు కట్టించుకోవడానికి వారం రోజులు మిషను ఆసుపత్రికి నడిచాను. అక్కడ బావి దగ్గర చూశాను ఈ సీమబాతుల్ని. పోతు ముఖమంతా ఎర్రటి కురుపులు, పండుమిరపకాయలు నలిపి అతికించినట్టు. అరవదు, కూయదు. మెడ ముందుకి చాచి, తోక ఆడిస్తూ, ఎవరికీ చెప్పొద్దన్నట్టు "హా" అని ఊపిరి వదులుతుంది. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నేను నవ్వి ఎంత కాలమైందో ఆ నవ్వు విన్నాకే తెలిసింది. ఆయా ప్రేమమ్మ కట్టు విప్పుతూ, "డాక్టరు దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోతోందమ్మాయ్. జత నువ్వు తీసుకుపోతావా?" అంది. అత్తనడగాలి, ఆయన్నడగాలి అని నోటిదాకా వచ్చింది. "తీసుకుపోతా" అన్నాను.

ప్రేమమ్మ చెప్పినవన్నీ ఒక్కటి మరవలేదు. పెట్ట ఎగిరి పెంకులెక్కుతుంది కాబట్టి ఒక్క రెక్క ఈకలే కత్తిరించాలి. తవుడులో గంజి కలిపి, వాడరేవు ఎండుచేపల పొడి కాస్త చల్లి పెట్టాలి. తల మునిగేంత నీళ్ళు ఉండాలి, లేకపోతే కళ్ళు పుసులు కడతాయి. పొదిగేటప్పుడు రోజుకొకసారి లేచి స్నానం చేసి తడి రొమ్ముతో తిరిగొస్తుంది, ఆ తడి గుడ్లకి మంచిది, తుడవొద్దు. ఆఖరి రోజుల్లో గూడు కదిలిస్తే అలిగి వదిలేస్తుంది. నా వంతుగా నేను చేసిందొకటుంది: గుంటలో రాలిన దారం ముక్కలన్నీ ఒక్కొక్కటిగా ఏరేశాను. పుట్టే పిల్లల కాళ్ళకి చుట్టుకోకూడదని.

ముప్పయ్యో రోజు నేను కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చేసరికి అత్త పెరటి గోడ దగ్గర నిలబడి ఉంది. అరచేతిలో పగిలిన గుడ్డు. కుళ్ళు వాసన నాకే చూపించి నోరు మూయిద్దామనుకుంది. వాసన లేదు. లోపల తడిసిన పిల్ల, ముక్కు రొమ్ముకి ఆనించుకుని. రెండుసార్లు వణికింది, ఆగిపోయింది. బిందె ఎప్పుడు దించానో నాకు తెలియదు. అత్త నన్ను చూడలేదు. పెరట్లో గుంట తీసి పూడ్చింది, చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. "వాడికి చెప్పకు" అంది. నేను చెప్పలేదు. ఆ మధ్యాహ్నం రాట్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే, సిగ్గులేని సంతోషం ఒకటి తన్నుకొచ్చింది. బతికున్నాయి. తొమ్మిదీ బతికే ఉన్నాయి. నేను చెప్పిందే నిజం.

ఆ సాయంత్రమే ఆయన అన్నాడు, "శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. పానకాలు మగ్గం దింపుతున్నాడు. గుంట ఖాళీ చెయ్యి." పానకాలంటే ఆయన బాబాయి కొడుకు, సింగరాయకొండ నుంచి ఇక్కడికొచ్చి నేస్తానన్నాడు. శుక్రవారమంటే వేళ్ళు మడిచి చూసుకున్నాను. సరిగ్గా ముప్పై అయిదో రోజు.

"ముహూర్తం రెండు రోజులాపితే పిల్లలు లేస్తాయి."

"కుళ్ళిన గుడ్లకి ముహూర్తం మారుస్తారా ఎవరైనా? బుట్టలో పెట్టి పెరట్లో పడెయ్."

"ఆ మగ్గానికి కండెలెవరు చుడతారు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వెట్టాగూ కూర్చునే ఉంటావుగా. ఇంకో నాలుగు చుడితే అరిగిపోతావా?" అన్నాడు. అత్త గోడకానుకుని వింటోంది.

శుక్రవారం తెల్లారగానే గుంట మీదికి వంగాను. బాతు కడుపు కింద నుంచి సన్నగా కిచకిచ. చెవులు మోసం చేస్తున్నాయేమో అని ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాను. చెయ్యి దూర్చి ఒక గుడ్డు తీస్తే పెంకు మీద చుక్కలాంటి బీట. వేలి కింద టిక్, టిక్ అని లోపల్నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు. మా పిల్లలకి చద్దన్నం పెట్టి బడికి పంపాను. రాట్నం వైపు వెళ్ళలేదు. గుంటలోకి దిగి ఓ మూల ఒదిగి కూర్చున్నాను. బాతు "హా" అని బెదిరించి, నన్ను చూసి సర్దుకుంది.

పానకాలు నేసిన బట్ట చుట్టే దోనె కర్ర భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలోనే ఆగాడు. "వదినా, ఇదేంది, నాకంటే ముందే నువ్వెక్కావే మగ్గం? ఏం నేస్తావు, పట్టంచా?"

"లే, తొమ్మిది కావస్తోంది" అన్నాడు మా ఆయన.

"పిల్లలు పెంకు కొడుతున్నాయి. అన్నీ అయిందాకా లేవను. కాదంటే నన్నూ బాతునీ కలిపి ఎత్తి బయట పెట్టండి."

పానకాలు గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్ను కలపొద్దన్నా, నేను వదినని ముట్టుకోను. బాతుని అసలే ముట్టుకోను."

"కుళ్ళిపోయి వారమవుతుంటే దీనికి పిచ్చి పట్టింది" అన్నాడాయన.

"కుళ్ళలేదురా." అత్త గొంతు. "నేనే ఒకటి పగలగొట్టి చూశాను. లోపల పిల్ల కదిలింది. నీకు చెప్పలేదు, తప్పు నాది."

అంతలో బాతు కొంచెం పైకి లేచింది. దాని కింద ఒక గుడ్డు రెండుగా విచ్చుకుంది. తడి మెడ ఒకటి, దాని మీద మోయలేనంత తల, పసుపూ నలుపూ. నేను కేక వేశానట, నాకు గుర్తు లేదు. ఎదురింటి కరీమున్ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక వీధిలో పడుగు నూలుకి గంజి పెడుతున్న ఆడవాళ్ళు కుంచెలు పట్టుకునే వచ్చేశారు. ఇంకొకటి. మరొకటి. లెక్క పెడుతూ పెడుతూ మరిచిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

"ఎన్నాళ్ళు పొదిగింది వదినా?" అంది కరీమున్.

"ముప్పై అయిదు" అన్నాడు మా ఆయన, మగ్గం మీది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "సీమబాతు కదా. మామూలు బాతు లెక్క దీనికి పనికిరాదు. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా."

పానకాలు పైకి చూసి దగ్గాడు. నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళుగా ఇలాంటి చోట తల వంచుకునేదాన్ని.

"కరీమున్, ఆయనా అత్తా ఇరవై ఎనిమిదన్నారు" అన్నాను. "ముప్పై అయిదు అన్నది నేను. ఆదివారానికి పిల్లల్ని పెరట్లోకి దింపుతా, అప్పుడు మగ్గం పెట్టుకోండి. పానకాలూ, నువ్వు రావడం నాకు సంతోషమే. నీ కండెలు మాత్రం నేను చుట్టను. ఒక్క మగ్గానికే చుడతాను."

మా ఆయన ముఖం పోతు బాతు ముఖంలా ఎర్రబడింది.

"అమ్మా, విన్నావా ఏమంటోందో?"

అత్త గుంట అంచున కూర్చుని, ఇంకా ఆరని పిల్లనొకదాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని చూస్తోంది. "విన్నానురా" అంది. "మీ నాన్నకీ మీ బాబాయికీ, రెండు మగ్గాలకీ ఇరవై ఏళ్ళు చుట్టాను. చుట్టనని చెప్పొచ్చని నాకు తెలియదు."