పేరిందేవి సాక్ష్యము

రోహిణీకార్తె ప్రవేశించి మూడు దినములయ్యెను. ప్రచండమార్తాండకిరణతాపముచే పలనాటి నల్లరేగడి నేలలు నెఱ్ఱెలువాఱి నోళ్లు తెఱచుకొనియుండ మిరపగిడ్డంగులనుండి వెలువడిన ఘాటు వడగాలితో కలసి నరసరావుపేట వీథులయందు సంచరించువారి కన్నులను మండించుచుండెను.

అట్టి యొక పూర్వాహ్ణమున ఆ పట్టణమందలి చిన్న స్త్రీవైద్యశాలలో ఏబదితొమ్మిదేండ్ల పేరిందేవి యను వితంతువు పరీక్షకు సిద్ధమై యుండెను. ముట్టుడిగి తొమ్మిదేండ్లు గడచిన యామెకు రెండు మాసములనుండి రక్తస్రావమగుచుండెను. స్కానింగునందు గర్భాశయపు లోపొర దళసరిగా కనబడుటచే వైద్యురాలు సుభాషిణి సన్నని గొట్టమువంటి కెమెరాను నీటిధారతోపాటు లోనికి పంపి చూచి అనుమానము గొలుపు చోటినుండి చిన్నముక్క తీయుటకు నిశ్చయించెను. హిస్టెరోస్కోపీ యని దాని పేరు.

పేరిందేవి తమ్ముడు కోటినాగులు కలప అడితి యజమాని. వారి పెద్దక్క రత్తమ్మ అట్టి పరీక్ష జరిగిన యేడుమాసములకే క్యాన్సరుచే మరణించెను. గొట్టముగుండ పోసిన నీరే రోగమును కడుపంతయు వెదజల్లెనని యతడు దృఢముగా నమ్మియుండెను. ఆ మాట నిజమా యని ముందునాడు పేరిందేవి యడుగగా సుభాషిణి దాచక చెప్పెను.

“ఆ భయం మా డాక్టర్లలోనూ ఉందమ్మా. నీళ్లతోపాటు కొన్ని కణాలు కడుపులోకి జారొచ్చు. దానివల్ల మనుషులు తొందరగా పోయారని మాత్రం ఇప్పటిదాకా తేలలేదు. నీళ్ల ఒత్తిడి తగ్గించి చేస్తాను. అసలు చూడకుండా వదిలేస్తే నేను ఏ భరోసానూ ఇవ్వలేను.”

పేరిందేవి అంగీకారపత్రముపై వేలిముద్ర వేసెను.

ఆమెను బల్లయొద్దకు గొనిపోవుచుండగనే ద్వారదేశమున భీకరధ్వని యయ్యెను. కోటినాగులు గడ్డపలుగు చేబూని ముగ్గురు కూలీలతో నద్దపుతలుపును భగ్నమొనర్చి యడ్డువచ్చిన కాపలావాని మోకాలు విఱుగమోది క్రోధారుణనేత్రుడై పరీక్షామందిరమున జొరబడెను. సుభాషిణి జుట్టుపట్టి యీడ్చి గోడకు మోదగా నామె నుదురు చిట్లి రక్తము కన్నులలోనికి కాఱెను. అతడు మరల పలుగెత్తెను. పేరిందేవి తన చేతికి గ్రుచ్చియున్న సెలైనుసూదిని పెఱికివైచి నెత్తురోడుచున్న చేతితో నా పలుగును పట్టుకొనెను.

“పెద్దక్కని గొట్టం చంపలేదురా. ఏడాదిపాటు ఆవిడ గుడ్డలు తడుస్తుంటే పరువు పోద్దని ఆస్పత్రికి పోనీకుండా నాటుమందు పోయించింది మనమే. నువ్వూ నేనూ.”

“నువ్వూ పోతే నాకెవరున్నారే అక్కా?”

“అందుకే అడ్డు తప్పుకో.”

ఆ మాట యతని గుండెలో నెచట దిగెనో గాని యున్మత్తుడై పలుగును లాగికొని విసరెను. అది యామె కుడిభుజముపై బడెను. ఎముక విఱిగిన చప్పుడు గదిలోని వారందఱికిని వినబడెను. కూలీలు పాఱిపోయిరి. పోలీసులు వచ్చువఱకు కోటినాగులు పగిలిన గాజుపెంకులలో కూలబడి యక్కపాదములు పట్టుకొని యుండెను.

తొమ్మిదవ దినమున నుదుట నాలుగు కుట్లతో వైద్యురాలును భుజమునకు కట్టుతో రోగియు నదే గదిలో కలసికొనిరి. పరీక్ష జరిగెను. తీసిన ముక్కలో క్యాన్సరు కనబడినను రోగము గర్భాశయమును దాటలేదని పిమ్మటి స్కానింగులో తేలెను. శస్త్రచికిత్సచే గర్భాశయమును తొలగించిరి. రెండేండ్లు గడచినను వ్యాధి తిరుగబెట్టలేదు. కుడిచేయి మాత్రము మరల పైకి లేవలేదు.

అప్పటికి న్యాయస్థానమున విచారణ వచ్చెను. తడినేలపై కాలుజాఱి పడితినని చెప్పుమని బంధువులందఱు నామె నర్థించిరి. న్యాయాధిపతి యడిగినప్పు డామె తమ్మునివైపు చూచియే బదులిచ్చెను.

“కాలు జారలేదయ్యా. మా తమ్ముడే కొట్టాడు. నేనంటే ప్రాణం గనకే కొట్టాడు. అయినా దెబ్బ దెబ్బేగదా.”

కోటినాగులకు మూడేండ్ల కారాగారశిక్ష విధింపబడెను. ప్రేమవేషము ధరించి వచ్చిన భయమును గుర్తించుట కష్టము. దానిని నలుగురిలో పేరుపెట్టి పిలుచుట మఱింత కష్టము.

వెలుపల మండుటెండలో పోలీసుబండి నిలిచియుండెను. ఊచలనుండి సంకెలలతో చాపబడిన తమ్ముని చేతులలో పేరిందేవి తన యెడమచేతిని పెట్టి బండి కదలువఱకు నట్లే నిలువబడెను. పిమ్మట కొన్ని యడుగులు దానితోపాటు నడచెను.