కటొండోలో ఏ లోటూ లేదు

చుట్టాలు వచ్చే ముందురోజు కటొండో ఆసుపత్రిలో రోగులందర్నీ ఇళ్ళకి పంపేశారు. జబ్బులు తగ్గి కాదు, చుట్టాలు వస్తున్నారని.

పంపింది నాంబేవే. ఆసుపత్రి కమిటీకి పెద్ద ఆవిడే. మనిషి పొట్టి, మాట గట్టి. పైగా ఊరిపెద్ద కాలుంబి ఆవిడకి స్వయానా అన్న. అందుకని ఆవిడకి ఎదురు చెప్పేవాళ్ళు ఊళ్ళో తక్కువ. చెప్పేది ఒక్కతే, నర్సు డొరికా. ఆ పిల్ల ఈ ఊరిది కాదు గనక చెప్పగలిగింది.

"రోగులు లేని ఆసుపత్రికి సాయం ఎందుకు చేస్తారమ్మా? వాళ్ళు చూడ్డానికి వచ్చేదే రోగుల్ని."

"నీ ఇంటికి చుట్టం వస్తే అంట్లన్నీ వాకిట్లో పేర్చి చూపిస్తావా?"

"వీళ్ళు అంట్లు కాదు, మనుషులు. ఆ జ్వరం పిల్లాడికి ఇంకా సూదులున్నాయి."

"వాళ్ళింటికెళ్ళి పొడువు. నీకు కాళ్ళు లేవా ఏం?"

డొరికా సూదుల పెట్టె సైకిలుకి కట్టుకుని బయలుదేరింది.

నాంబేవేది రాతిగుండె కాదు. అక్కడి పద్ధతి అలాంటిది. గడప తొక్కిన మనిషికి కడుపు నింపాలి గాని, కన్నీళ్ళు చూపించకూడదు. చావు ఇంటికి వచ్చినవాళ్ళకైనా ముందు మంచినీళ్ళిచ్చి, కుశలం అడిగి, "మేం బాగున్నాం" అన్నాకే ఏడుపు మొదలుపెడతారు. ఇప్పుడు వచ్చేది మామూలు చుట్టం కూడా కాదు. ఆసుపత్రికి మందులు, రెండో నర్సు జీతం, రోగుల్ని తీసుకెళ్ళే వ్యాను, అన్నీ సముద్రం అవతల ఒక ధర్మసంస్థ ఇచ్చినవే. ఆ సాయం ఇంకా ఇవ్వాలా, ఆపేయాలా అన్నది చూసి తేల్చడానికి ఆ సంస్థ పెద్దావిడ స్వయంగా వస్తోంది. అలాంటి మనిషి ముందు పక్కలో తడుపుకున్న ముసలాణ్ణీ, కాలు కాలిన పిల్లనీ పడుకోబెడితే ఊరి పరువేం కావాలి?

పరువు గురించి అంత బెంగ పడ్డవాళ్ళు వ్యాను గురించి ఇంకా ఎక్కువ బెంగపడ్డారు. దాని గేర్‌బాక్సు పోయి ఎన్నో నెలలైంది. మొక్కజొన్న కోతలప్పుడు కొండ మలుపులో ఆగింది, ఎద్దులు కట్టి లాక్కొచ్చారు, అప్పట్నుంచి అది వేపచెట్టు కిందే ఉంది, కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. ఆ సంగతి సంస్థకి రాయమని డొరికా మొత్తుకుంది. కాలుంబి ఒప్పుకోలేదు.

"ఇచ్చిన బండి పాడైందని ఇచ్చినవాళ్ళ మొహం మీదే చెప్తామా? వాళ్ళ చెయ్యి చిన్నబోదూ? అయినా ఉన్నదాన్ని పాడుచేసుకున్నవాళ్ళకి ఇంకోటి ఎవడిస్తాడు?"

కాబట్టి వ్యానుని కడిగారు. కోళ్ళని తోలారు. ముందు అద్దానికి కాగితం పువ్వుల తీగ చుట్టారు. పైన పటారం, లోన లొటారం. డ్రైవరు చికోపాకి ఉతికిన చొక్కా తొడిగి, చుట్టాలు వెళ్ళేదాకా స్టీరింగు వదలొద్దని చెప్పి లోపల కూర్చోబెట్టారు.

రోగుల్ని పంపించేటప్పుడు నాంబేవే ముందు తన కూతుర్నే లేపింది. రేపు ఎవరూ తన వైపు వేలెత్తి చూపకూడదు. లవ్‌నెస్‌కి నెలలు నిండుతున్నాయి. మొదటి కానుపు కోత కోసి తీశారు. రెండోదీ అంతేననీ, నొప్పులు మొదలయ్యేలోగానే జిల్లా కేంద్రం బోమాలోని పెద్దాసుపత్రికి చేర్చాలనీ డొరికా ఆమెను ఇక్కడ తన కళ్ళ ముందు పెట్టుకుంది. బోమా కారులో అయితే రెండు గంటలు. సైకిలు మీద అయితే ఆ మాటే ఎత్తొద్దు. ఆదివారం కలపలారీ వస్తే అందులో పంపాలని అనుకున్నారు.

"అమ్మా, సిస్టర్ ఇక్కణ్ణించి కదలొద్దంది కదే" అంది లవ్‌నెస్.

"ఒక్కరోజే. రేపు సాయంత్రానికల్లా వచ్చేద్దువుగాని. నువ్వు లేవకపోతే మిగతావాళ్ళు లేస్తారా?"

లవ్‌నెస్ లేచింది. మొగుడు లమెక్ సైకిలు వెనక బొంత పరిచి కూర్చోబెట్టుకుని కొండ అవతల ఇంటికి నడిపించుకుపోయాడు. అతను అత్తగారి వంక చూడలేదు, పలకరించలేదు. అల్లుడు అత్తకి ఎదురుపడకూడదు కదా. దారిలో ఆవిడ కనిపిస్తే పక్క పొదల్లోకి తప్పుకుంటాడు. ఏదన్నా చెప్పాల్సివస్తే మధ్యలో ఒక పిల్లో గోడో ఉండాలి. లమెక్ ఈ ఊరికి అల్లుడై వచ్చి నాలుగేళ్ళైనా అతని గొంతు ఎలా ఉంటుందో నాంబేవేకి సరిగ్గా తెలియదు.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక కారు వచ్చింది. అందులోంచి తెల్ల జుట్టు, ఎర్రటి మొహం, పెద్ద టోపీతో ఒక డోనా దిగింది. తెల్లావిడ ఎవరైనా కటొండో వాళ్ళకి డోనాయే. ఆవిడ వెంట రాజధాని లిలాంగ్వేలోని సంస్థ ఆఫీసు నుంచి మ్సోసా అనే అతను, మాట అటూ ఇటూ చెప్పడానికి. కారు నడిపేది వైసన్.

ఆడవాళ్ళంతా ఒకే రంగు కొత్త బట్టలు నడుముకి చుట్టుకుని పాడారు, ఆడారు. మొక్కజొన్న గంజిలా తియ్యగా ఉండే చల్లటి తొబ్వా కుండ తెచ్చి గ్లాసులతో పోశారు. డోనా గదులన్నీ తిరిగింది. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. మంచాలు ఖాళీగా ఉన్నాయి. రోగుల తాలూకు ఆడవాళ్ళు వండుకునే పాకలో పొయ్యిలు సైతం అలికేశారు, బూడిద రేణువు లేదు.

"రోగులేరీ?" అని అడిగింది డోనా.

"మీ దయవల్ల అందరూ కులాసాగా ఉన్నారు" అన్నాడు కాలుంబి.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. డొరికా చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

వ్యాను దగ్గర డోనా ఆగి, పువ్వుల తీగ చూసి నవ్వి, లోపల ఉన్న చికోపాకి చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది పాపం.

తర్వాత వేపచెట్టు నీడలో కుర్చీలు వేశారు. రోజూ తినే మొక్కజొన్నపిండి న్సీమా ముద్ద ఆవేళ లేదు. వరి అన్నం, కోడి కూర. పెద్ద చుట్టానికే దక్కే కందనకాయ తీసి డోనా కంచంలోనే వేశారు. ఆవిడ దాన్ని చూసి కొంచెం భయపడినా తినేసింది. తిన్నాక నాంబేవే వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఇక్కడ ఇంకా ఏమైనా లోటు ఉందా అని అడుగుతోందమ్మా" అన్నాడు మ్సోసా.

నాంబేవే లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ కలిపి మెల్లగా చప్పుడు చేసింది. "ఏ లోటూ లేదు తల్లీ. అంతా మీరిచ్చిందే. మేం బాగున్నాం."

డోనా మొహం వెలిగిపోయింది. చాలా సేపు మాట్లాడింది. మ్సోసా దాన్ని కుదించి చెప్పాడు. "ఆవిడకి చాలా సంతోషంగా ఉందట. కటొండో తన కాళ్ళ మీద తను నిలబడిందట. ఇక్కడి సాయాన్ని ఇంకా కష్టంలో ఉన్న ఊరికి మార్చొచ్చని అనుకుంటోందట."

జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. నాంబేవే కూడా రెండు చప్పట్లు కొట్టాక ఆగిపోయింది. అన్న వైపు చూసింది. కాలుంబి కోడిఎముక నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడిగి మరీ పెట్టబోతే, కడుపు నిండిందని కంచం తోసేసింది తనే.

అప్పుడు సైకిలు గంట వినిపించింది.

లమెక్ సైకిలు తోస్తున్నాడు, అతని తమ్ముడు వెనక నుంచి లవ్‌నెస్‌ని పట్టుకుని పరిగెడుతున్నాడు. దారిలో నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి జరిగారు. లమెక్ సైకిలు అక్కడే పడేసి, కుర్చీల మధ్యకి వచ్చి, నాంబేవే మొహంలోకి సూటిగా చూసి అరిచాడు.

"అత్తా! తెల్లారి నుంచీ నొప్పులు! పాత కోత దగ్గర చెయ్యి పెడితే కేక పెడుతోంది! ఏదో ఒకటి చెయ్యి!"

అల్లుడు అత్తని పేరుపెట్టి పిలిచినంత పనైంది. ఒక ముసలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. అతని గొంతు ఇంత లేతగా ఉంటుందని నాంబేవే అనుకోలేదు.

డొరికా అప్పటికే లవ్‌నెస్ పక్కన మోకాళ్ళ మీద ఉంది. పొట్ట తడిమి తల ఎత్తింది. "ఇక్కడ కాదు. బోమాకి వెళ్ళాలి. ఇప్పుడే."

మ్సోసా డోనాకి చెప్పాడు. డోనా వెంటనే లేచి వ్యాను వైపు నడిచి, తనే తలుపు తీసింది. "ఊఁ, రండి, తీసుకెళ్ళండి!" అన్నట్టు చేతులు ఊపింది. మాట అక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

ఎవరూ కదల్లేదు. చికోపా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందుకే చూస్తున్నాడు. డోనా అతన్నీ, జనాన్నీ మార్చి మార్చి చూసింది. బొంత మీద లవ్‌నెస్ మూలుగుతోంది.

నాంబేవే నోరు తెరిచింది.

"చెల్లీ" అన్నాడు కాలుంబి గొంతు తగ్గించి. "మర్యాద."

"నీ మర్యాద దాన్ని బోమా దాకా తోస్తుందా అన్నా? తోస్తే తొయ్యి, చూస్తాను."

ఆవిడ మ్సోసా దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళు వంచలేదు. చేతులు కలపలేదు.

"ఉన్నదున్నట్టు చెప్పు ఆవిడకి. ఆ బండి నడవదు. కోతలప్పుడే పోయింది. మీకు చూపించడానికి కడిగి పువ్వులు కట్టాం. ఈ పిల్ల నా కూతురు. నిన్న ఆసుపత్రిలోనే పడుకుని ఉంటే, మీరొస్తున్నారని నేనే లేపి పంపేశాను. మీ కారు కావాలి."

మ్సోసా మొహం నల్లబడింది. "ఇందాక ఏ లోటూ లేదన్నావు! ఆ మాట ఆవిడకి చెప్పింది నేను! ఇంకెన్ని అబద్ధాలు చెప్పించారు నా చేత?"

"అన్నీ లెక్క చెప్తాను నాయనా, తర్వాత తిట్టు. ముందు ఆవిడకి చెప్పు."

చెప్పాడు. డోనా వ్యానునీ పువ్వుల తీగనీ ఒకసారి చూసింది. తర్వాత వైసన్‌ని కేకేసింది.

కారు వెనక సీటులో బొంత పరిచారు. తల వైపు డొరికా పట్టుకుంటే, కాళ్ళ వైపు కాలుంబి వచ్చి పట్టుకున్నాడు. ఆ పిల్ల ఆయనకి మేనకోడలు, అక్కడ వంశం ఆడవాళ్ళ వైపు నుంచే నడుస్తుంది గనక దాని కడుపున పుట్టేది ఆయన వంశం. ఊరిపెద్ద వేసుకునే కోటు మీద మట్టి అయినా చూసుకోలేదు. నాంబేవే ఎక్కబోతే డొరికా ఆపింది.

"నువ్వొద్దు. నేనిక్కడ ఉండను, ఇంకో సిస్టర్ సెలవులో ఉంది. నిన్న పంపినవాళ్ళని నువ్వే వెనక్కి పిలిపించు. జ్వరం పిల్లాడికి తడిగుడ్డ వెయ్యి. తోడుగా లమెక్ వస్తాడు."

"కానుపుకి మగాడు తోడేంటే?"

"మీ అల్లుడు ఈరోజు చాలా చేశాడు, ఇదీ చేస్తాడు" అంటూ డొరికా తలుపు వేసింది.

కారు దుమ్ములో కలిసిపోయింది. డోనాకి వెళ్ళడానికి ఇంక బండి లేదు. ఆవిడ పాకలోకి వెళ్ళి అలికిన పొయ్యి పక్కన కూర్చుంది. మ్సోసా కాసేపు ఎండలో అటూ ఇటూ తిరిగి, చివరికి తనూ వెళ్ళి కూర్చున్నాడు.

నాంబేవే మనుషుల్ని పంపించింది. మధ్యాహ్నం తిరిగేసరికి ఒక్కొక్కరే వచ్చారు. జ్వరం పిల్లాణ్ణి వీపుకి కట్టుకుని తల్లి. దగ్గుతూ ముసలాయన. కాలు కాలిన పిల్లని తండ్రి భుజాన వేసుకొచ్చాడు.

"ఏమ్మా, చుట్టాలు వెళ్ళిపోయారా? ఇక మేం జబ్బుపడొచ్చా?" అన్నాడు ముసలాయన, పాకలోకి చూడకుండానే.

"వెళ్ళలేదు. అదుగో కూర్చున్నారు. నువ్వు బాగా దగ్గు" అంది నాంబేవే.

మంచాలు నిండాయి. మిగిలినవాళ్ళు నేల మీద చాపలేసుకున్నారు. కొత్త బట్ట కట్టుకునే నాంబేవే పిల్లాడి నుదుటికి తడిగుడ్డ వేసింది, బిందె మోసింది, ముసలాయన పక్క మార్చింది. ప్రతి పనికీ మధ్యలో చెదలపుట్ట వైపు చూస్తోంది. ఫోను సిగ్నలు ఊళ్ళో ఆ పుట్ట మీదే దొరుకుతుంది. కాలుంబి దాని మీద నిలబడి మ్సోసా ఫోను పట్టుకుని ఉన్నాడు. కారు వెళ్ళినప్పట్నించీ ఊరిపెద్దకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు, ఆయనా అడగలేదు. నాంబేవే లోపల ఒకటే మాట తిరుగుతోంది. నేనే లేపాను. నేనే లేపాను.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. కాలుంబి విన్నాడు. పుట్ట మీద నుంచి జారుతూ దిగి చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"ఆడపిల్ల. తల్లి మత్తులో ఉంది, ప్రాణానికి భయం లేదంది నర్సు. ఇంకాస్త ఆలస్యమైతే కడుపు పాత కోత దగ్గర చిరిగిపోయేదట."

నాంబేవే బిందె దించి నేల మీద చతికిలబడి ఏడ్చింది. చుట్టాల ముందే ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు.

డోనా వచ్చి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. ఏడుపు ఆగాక మ్సోసాతో ఏదో అంది.

"సాయం సంగతి ఆవిడ ఒక్కతే తేల్చెయ్యడం కుదరదట, వెళ్ళి అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాలట. అందుకని ఇందాక అన్నం దగ్గర అడిగిందే మళ్ళీ అడుగుతోంది" అన్నాడు మ్సోసా, ఇంకా కాస్త ముభావంగానే. "ఇక్కడ ఏమైనా లోటు ఉందా?"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో అలవాటు చొప్పున చప్పట్లు మొదలుపెట్టబోయారు. నాంబేవే చెయ్యి ఎత్తి ఆపింది. కొత్త బట్ట అంచుతో మొహం తుడుచుకుంది. అన్న వైపు చూసింది.

"చెప్పు" అన్నాడు కాలుంబి. "నేను అడ్డు రాను."

"ఉంది తల్లీ" అంది నాంబేవే డోనాతో. "న్సీమా పొయ్యి మీద పెట్టించాను. తింటూ విందువుగాని, అన్నీ చెప్పడానికి చాలాసేపు పడుతుంది."