శవం ముందు మాఫీ

జలీల్‌కు స్నానం చేయించి కఫన్ చుట్టేసరికి కోరుట్లలో ఎండ మండిపోతోంది. ఇక జనాజా లేపి శ్మశానానికి మోసుకెళ్లడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది పెద్దమనుషులకు, నిఖాలో మొగుడు ఇస్తానన్న మెహర్‌ను సుధ ఇంకా మాఫీ చెయ్యలేదని.

సుధ సిరిసిల్లలో పద్మశాలీల బిడ్డ. మరమగ్గాల సాంచాల దగ్గర కండెలు చుట్టేది. మోటార్లు బాగుచేసే జలీల్‌ను ఇష్టపడి, కలిమా చదివి ముస్లిమై నిఖా చేసుకుంది. మెహర్ కింద అతను తన ఇంటి వీధి గదిని ఇస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ గదిలో కూర్చునే ఆమె ఇన్నేళ్లూ బీడీలు చేసింది. అది పోతే పదేళ్ల కూతురితో రోడ్డున పడాల్సిందే. జలీల్ అన్న రహీముద్దీన్‌కేమో అందులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని ఎప్పటినుంచో ఆశ. తమ్ముడి కోసం ఏడుస్తూనే షట్టర్ ఎటువైపు పెట్టాలో చూసుకుంటున్నాడు.

భార్య శవం ముందు నిలబడి మెహర్ వదులుకుంటే తప్ప మొగుడికి జన్నత్‌లో, ఆ స్వర్గంలో, చోటు దొరకదట! ఆడదానికి సంతోషంగా ఇవ్వమని దీన్ అనే ధర్మం చెప్పిన హక్కును ఏడుస్తున్న మనిషి నోట్లోంచి లాక్కోవడమే దీన్ అనుకున్నారు ఈ మహానుభావులు. జుమ్మా నమాజులో ముందు వరస వీళ్లదే.

సుధ అన్న విఠల్ సిరిసిల్ల నుంచి వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టని నిష్ఠ అతనిది. గది వాళ్ల మొఖాన కొట్టి వస్తే, కులపెద్దలు శుద్ధి చేయించి కులంలో కలుపుకుంటారని కబురు పంపాడు. రెండు మతాల పెద్దలు మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు, సిగ్గులేకుండా.

సుధకు బాగా అర్థం కావాలని రహీముద్దీన్ ఉర్దూ మాని తెలుగులో చెప్పాడు.

"మాఫ్ చేసిన అను. ఒక్క మాటనే గద. నువ్వు అనేదాంక జనాజా లేవది."

సుధ జలీల్ మొహం వైపు చూసింది.

"నేను అనను భాయీ. ఆయన ఖుషీగ ఇచ్చిండు. మీరు గుంజుకుంటున్నరు. గుంజుకుంటె అది మాఫీ ఎట్లయితది?"

మూలన కూర్చున్న ముసలి అత్త గోడ పట్టుకుని లేచింది. ఒకప్పుడు మొగుడి శవం ముందు ఆమె చేతా ఇలాగే అనిపించారు; అప్పటినుంచి ఏ కొడుకు పెడితే ఆ కొడుకు ఇంట తింటోంది.

"జనాజా లేపుండ్రి," అన్నది.

మగవాళ్లెవరూ కదల్లేదు. ఆమె ముందుకు వచ్చి, శవాన్ని మోసే, ఆడవాళ్లు ముట్టని డోలా కర్రను రెండు చేతులా పట్టుకుంది.