మార్త ఉప్పుకుండ

చల్లపల్లికి దిగువన, కాలవ గట్టు మీద ఉన్న ఆ పాలెంలో అన్నీ తాటాకు పాకలే. ఒక పాక చూరు ఇంకో పాక చూరుకి తగులుతూ ఉంటుంది. మార్చి వెళ్లి ఏప్రిల్ వచ్చిందంటే అక్కడివాళ్లకు దేవుడి భయం కంటే పడమటిగాలి భయం ఎక్కువ. ఆ గాలి లేచిన పూట పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరినా పాలెమంతా బూడిదే. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గాలి వచ్చే రోజున పొద్దెక్కాక ఎవరి పొయ్యీ వెలగకూడదు. వెలిగితే ఎవరైనా సరే వెళ్లి నీళ్లు గుమ్మరించి, పొయ్యి మీద ఉన్నది నేలపాలు చెయ్యవచ్చు. చేయించుకున్నవాడు నోరెత్తడానికి లేదు.

గాలి వచ్చేదీ రానిదీ చెప్పే మనిషి మార్త. ఆమె పాక పాలేనికి పడమటి కొసన ఉంటుంది. తెల్లవారుతూనే ఉప్పుకుండలో చెయ్యి పెడుతుంది. ఉప్పు చెమ్మగిల్లి వేళ్లకు అంటుకుంటే ఆ రోజు సముద్రపు గాలిదే పైచేయి, వండుకోవచ్చు. పొడిపొడిగా జారిపోతే పడమటిగాలి తప్పదు. ఈ విద్య ఆమెకు అత్తగారు తెరేసమ్మ నేర్పింది. రేడియోవాళ్లు కోస్తా మొత్తానికీ కలిపి ఎండలూ గాలులూ అని చెప్పి చేతులు దులుపుకుంటారు. ఈ పాలెంలో ఈ పూట అన్నం వండుకోవచ్చో లేదో వాళ్లెందుకు చెబుతారు?

తెరేసమ్మ మంచాన పడి, చిన్నకొడుకు జక్కయ్య ఇంట్లో ఉంటోంది. పెద్దకొడుకు పోయి చాలాకాలమైంది. అతని భార్యే మార్త. కిందటేడు గాలి రోజున జక్కయ్య ఇంట్లో పొయ్యి వెలిగిందని మార్త వెళ్లి చేపల పులుసు కుండ పగలగొట్టింది. ఆ మధ్యాహ్నం గాలి వచ్చింది కూడా. అయినా జక్కయ్య అది మనసులో పెట్టుకున్నాడు. ఈ ఏడు ఈస్టరు నాడే అతని మనవడికి జ్ఞానస్నానం. కూతురు మాణిక్యం బెజవాడ భవానీపురం నుంచి అత్తవారితో సహా దిగింది. జక్కయ్య గడపగడపకీ వెళ్లి భోజనాలకు పిలిచాడు. ఒక్క మార్త గడప మాత్రం తొక్కలేదు.

మార్త చెడ్డమనిషి కాదు. కానీ సొంత మరిది ఊరందర్నీ పిలిచి తనను వదిలేస్తే ఆమె కడుపు రగిలిపోయింది. ఈస్టరు తెల్లవారి ఉప్పుకుండలో చెయ్యి పెట్టింది. ఉప్పు చెమ్మగా ఉంది. వేళ్లకు గడ్డకట్టుకుని వచ్చింది. కాసేపు ఆ చేతివంక చూసుకుని, చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. ఆ తర్వాత వీధిలోకి వచ్చి పడమటిగాలి వస్తుందనీ, పొయ్యిలు ఆర్పెయ్యమనీ ఇంటింటికీ చెప్పింది.

పాలెం పెద్ద అంతోని మొదట తన ఇంటి పొయ్యే ఆర్పించాడు. అతని భార్య అమలమ్మ సగం ఉడికిన అన్నం దించేసింది. తపసుకాలమంతా మాంసం ముట్టని పిల్లలు జక్కయ్య దొడ్లో గాడిపొయ్యి మీద ఉడుకుతున్న వేటమాంసం వాసనకు చుట్టూ మూగారు. జక్కయ్య ఆర్పనన్నాడు. వియ్యాలవారి ముందు ఆర్పి పస్తు పెట్టలేనన్నాడు. మార్త నీళ్లకడవతో వచ్చింది. గాడిపొయ్యి నిండా గుమ్మరించి, గునపం పెట్టి గుండిగను ఎత్తి దొర్లించింది. కూర బూడిదలో కలిసిపోయింది.

జక్కయ్య ఆమె జుట్టు పట్టుకుని వీధి దాకా ఈడ్చాడు. మొహం మీద గుద్దాడు, కింద పడ్డాక కడుపులో తన్నాడు. అంతోనీ ఇంకో ఇద్దరూ కలిసి పట్టుకుంటే గానీ ఆగలేదు. కట్టుబాటు కట్టుబాటేనని అంతోని గట్టిగా చెప్పాడు. మార్త నోట్లో ఊడిన పన్నును అరచేతిలోకి ఉమ్ముకుని తన పాకలోకి వెళ్లిపోయింది. నొప్పి ఉంది గానీ, ఆ నొప్పిలో కొంచెం తృప్తి కూడా ఉంది. ఉన్నమాట చెప్పాలి గదా.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆకు కదల్లేదు. ఉక్కకు ఒళ్లంతా చెమటలు. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లారు. బూడిదలో మాంసం కుక్కలు తిన్నాయి. వియ్యంకుడు మూతి బిగించుకుని కూర్చున్నాడు. గాలేదీ, గాలేదీ అని పాలెమంతా సణుగుడు మొదలైంది. పొద్దుటినుంచి కల్లు మీదే ఉన్న జక్కయ్య లేచి, ఒక ఎండు తాటాకు అంటించుకుని మార్త పాక ముందుకు వచ్చాడు.

"వొదినా, బయటికి రా. గాలొస్తే పాలెం కాలుద్దన్నావుగా. గాలి లేదు. ఇప్పుడు నీ ఒక్క కొంపే కాలుద్ది, చూసుకో."

ఆపగలిగిన మగవాళ్లు ఓ పాతికమంది అక్కడే నిలబడి ఉన్నారు. ఆకలిమంట మీద ఉన్నారేమో, ఎవ్వరూ అడుగు ముందుకు వెయ్యలేదు. ఎవరో నవ్వారు కూడా. మార్త బయటికి వచ్చేలోపే చూరు అంటుకుంది. పొగ నిట్టనిలువుగా పైకి లేచింది.

అప్పుడు వచ్చింది గాలి. పడమటి పొలాల మీద దుమ్ము ఎర్రగా లేచి, మొహాల మీద కొలిమి తెరిచినట్టు కొట్టింది. నిలువుగా లేస్తున్న మంట పక్కకు పడుకుని రెండో పాకను పట్టింది, అక్కడినుంచి మూడో దాన్ని పట్టింది. మండుతున్న తాటాకులు గాల్లో ఎగురుకుంటూ వెళ్లి మనుషుల కంటే ముందు వాళ్ల ఇళ్లు చేరాయి. పలుపులు తెంచుకోలేని దూడలు కట్టుగొయ్యల దగ్గరే కాలిపోయాయి. జక్కయ్య పరుగెత్తి మనవణ్ణి బయటికి లాక్కొచ్చాడు. తల్లి కోసం వెనక్కి తిరిగేసరికి వెన్నుగాడి విరిగి కప్పు కూలింది. తెరేసమ్మ కేక ఒక్కటే వినిపించింది.

మంటలు కాలవ దగ్గర ఆగాక, మగవాళ్లు జక్కయ్య మీద పడ్డారు. కాడికర్రలతో కొట్టారు. చెయ్యి విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అంతోని అతని మెడ పట్టుకుని, ఇంకా కణకణలాడుతున్న నిప్పుల్లోకి మొహం వంచుతున్నాడు. ఇందాక పాక ముందు నవ్విన మగవాడు అందరికంటే గట్టిగా కొడుతున్నాడు. మార్త వెళ్లి మరిది మీద అడ్డంగా పడింది.

"కొట్టమాకండి. నేను అబద్ధం చెప్పా. పొద్దున ఉప్పు చెమ్మగానే ఉంది. గాలి రాదనే అనుకున్నా. నన్ను పిలవలేదని చెప్పా."

ఒక్క క్షణం కర్రలు ఆగాయి. అంతోని ఆమె వాచిన మొహంవంక చూశాడు. అతని కళ్లలో జాలి తప్ప కోపం లేదు.

"నీ మరిది గాబట్టి కాపాడుకుంటున్నావక్కా. గాలి వచ్చింది మేం చూళ్లేదా?"

ఆమెను మర్యాదగా రెక్క పట్టుకుని లేవదీసి పక్కన కూర్చోబెట్టారు. మళ్లీ కొట్టారు. మార్త అరుస్తూనే ఉంది, ఉప్పు చెమ్మగానే ఉందని. చల్లపల్లి నుంచి పోలీసు జీపు వచ్చేసరికి జక్కయ్యకు ఒక కన్ను పోయింది.

ఆ రాత్రి కాలవ గట్టు మీద మార్తకు ఒక్కటే ఆలోచన. నిజం చెప్పి ఉంటే? చెమ్మగా ఉందని చెప్పి ఉంటే పాలెంలో ప్రతి పొయ్యీ వెలిగేది. ఆ గాలి అలాగే వచ్చేది. ఏ పొయ్యిలోంచి అయినా రవ్వ లేచేదో, లేచేది కాదో. జక్కయ్య చేతిలో తాటాకు మాత్రం ఉండేది కాదు. అత్త బతికేదా, ఇంకో నలుగురు పోయేవాళ్లా? ఎటు తిప్పి చూసినా ఆమెకు తేలలేదు. అత్త నేర్పిన విద్య అబద్ధమాడింది, తానాడిన అబద్ధం నిజమైంది. ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తెల్లవారాక ఫాదరుగారు బియ్యం, ఉప్పు, కుండలు పంపించారు. గట్టు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు సిద్ధం చేసుకున్నారు గానీ ఎవ్వరూ అగ్గిపుల్ల గియ్యలేదు. అమలమ్మ పొట్లంలో ఉప్పు పట్టుకుని మార్త దగ్గరికి వచ్చింది. ఆమె వెనకాల పాలెమంతా నిలబడింది. అంతోని చేతుల మీద నిన్నటి నెత్తురు ఎండిపోయి ఉంది.

"చూసి చెప్పక్కా. నిన్న నీ మాట విననందుకే గదా మాకీ గతి" అంది అమలమ్మ.

మార్త పొట్లంలో వేళ్లు పెట్టింది. ఉప్పు అంటుకుంది. ఆ చెమ్మ ఉప్పుదో తన చేతి చెమటదో ఆమెకు తెలియలేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అంటుకుంది.

"నాకు తెలీదమ్మా" అంది.

అమలమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత జనంవైపు తిరిగి, గాలొచ్చేట్టుంది, పొయ్యిలు వెలిగించొద్దు అని చెప్పింది.  పిల్లలు నానబెట్టిన బియ్యం నములుతూ కూర్చున్నారు.