తనంతట తానే ఊడిన నాడా

నేను ఒక గుర్రపు నాడాని. నల్ల గుర్రానిది, అందులోనూ కుడి ముంగాలిది. మూడంతస్తుల మేడ సింహద్వారం మీద నన్ను ఎక్కించి, పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టారు. ఇంటికొచ్చిన ప్రతివాడూ తలెత్తి చూసి, రెండు వేళ్లు కళ్లకద్దుకుని, "తనంతట తానే ఊడిందట కదా!" అని ఆశ్చర్యపోతాడు. అబద్ధం. నేను ఊడలేదు. నన్ను పటకారుతో పీకారు. ఆ నిజం ఎవరు చెప్పినా ఈ ఇంట్లో నమ్మరు. మీరైనా వినండి.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. మొదట నేను ఒక ఎడ్లబండి చక్రానికి తొడిగిన ఇనప పట్టాని. ముప్ఫై ఏళ్లు చెరకు మోశాను. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాక చక్రం పొయ్యిలోకి పోయింది, నేను పాత ఇనుము కుప్పలోకి చేరాను. హుస్సేన్ సాయిబు ఆ కుప్పలోంచి నన్ను ఏరుకున్నాడు. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్లలో గుర్రాలకి నాడాలు కొట్టేవాడు ఆయనొక్కడే మిగిలాడు. నన్ను జానెడు ముక్క నరికి, ఎర్రగా కాల్చి, వంచి, ఎనిమిది కన్నాలు పొడిచాడు. సమ్మెట దెబ్బకో మాట చొప్పున నాతో మాట్లాడేవాడు కూడా. "నువ్వు కాపలాదానివి. గిట్ట అరగకుండా సూడాల. అంతే నీ పని" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోతే ఇంత కోపం ఉండేది కాదు.

నన్ను తొడుక్కున్న గుర్రం పేరు కాటుక. నుదుటి మీద కూడా తెల్ల వెంట్రుక లేని నల్ల ఆడగుర్రం. దాని యజమాని నూకన్న. తండ్రి జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కా మూలపడ్డాక ఆయన కొడుక్కి మిగిల్చింది గుర్రం మీది మమకారం ఒక్కటే. నూకన్న చలికాలమంతా బెల్లం గానుగ దగ్గర పని చేసేవాడు. వేసవి వస్తే చాలు, కాటుకని ట్రాలీ ఆటో ఎక్కించుకుని తీర్థాలకి బయలుదేరేవాడు. మా వైపు ఊళ్లలో అమ్మవారి జాతరని తీర్థం అంటారు. తీర్థమంటే గుర్రప్పందెం ఉండాల్సిందే.

ఆ మైదానాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. పంట కోసేసిన నాలుగు చేలు కలిపి, గట్లు చదును చేసి, సున్నంతో గుండ్రంగా గీత గీస్తారు. మలుపుల దగ్గర ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు పాతుతారు. ఒక పక్క జీళ్ల దుకాణం, ఇంకో పక్క రంగులరాట్నం, మధ్యలో అయిదు రౌండ్ల పందెం. మైకువాడు గుర్రం కంటే ముందే ఆయాసపడతాడు. జనం కంటికి అన్ని ఊళ్లూ ఒకటే. నాకు మాత్రం ఒక్కో నేలది ఒక్కో రుచి. నూకాలమ్మ తీర్థంలో ఇసక, బంగారమ్మ తీర్థంలో నల్లరేగడి గడ్డలు. అన్నిటికంటే చెడ్డది చెరకు మోళ్ల నేల, మేకుల కంటే వాడి. అన్నిటి మీదా కాటుకని మోశాను. దాని గిట్టకి ఒక్క గీత పడనివ్వలేదు. పందెం అయ్యాక నూకన్న దాని కాలు ఒళ్లో పెట్టుకుని, నా సందుల్లో మట్టి వేలితో తీసి, నోట్లో బెల్లం ముక్క పెట్టేవాడు. అప్పట్లో ఆ మనిషంటే నాకూ ఇష్టమే. దాచుకోవడం ఎందుకు?

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. గెడ్డల్లో, అంటే మా వైపు వాగుల్లో, నీళ్లు ఇంకిపోయాయి. పచ్చగడ్డి అన్నది చూద్దామంటే లేదు. నూకన్న ఎండుగడ్డి తడిపి పెడితే కాటుక వాసన చూసి మొహం తిప్పుకునేది. డొక్కలో ఎముకలు లెక్కపెట్టొచ్చు. అలాంటప్పుడు ఎర్రగెడ్డ తీర్థానికి వెళ్లాం. ఆ తీర్థం కమిటీ ప్రెసిడెంటే ఈ మేడ యజమాని, కర్రి జగ్గునాయుడు.

నాయుడు కొత్తగా ఈ మేడ కట్టాడు. గృహప్రవేశమైన నెలలోనే ట్రాక్టరు బోల్తా కొట్టింది. భార్య మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మేడమెట్లకి పాలిష్ ఎక్కువై జారిందని నా ఇనప బుర్రకే తెలుస్తోంది, సిద్ధాంతికి మాత్రం శని కనిపించాడు. నల్ల గుర్రం కుడి ముంగాలి నాడా గుమ్మానికి కొట్టమన్నాడు. అదీ మామూలు నాడా కాదు.

"నాడా కావాలంటే ఇప్పుడే పీకించి ఇచ్చెత్తాను బాబూ" అన్నాడు నూకన్న.

"పీకింది పనికిరాదురా. దానంతటది ఊడాల. శనోరం నాడు, పరుగులో ఊడాల" అన్నాడు నాయుడు.

"అదెలా ఊడతాది బాబూ? సాయిబు కొట్టిన నాడా నెలలైనా కదల్దు."

"నువ్వు తల్సుకుంటే ఊడదేటి? నా బోరు కింద గడ్డిచేను సూసినావు కదా. మోకాల్లెత్తు పచ్చగడ్డి. వానలు పడేదాకా నీ గుర్రాన్ని అందులో మేపుకో. నానేటీ అనను."

చూశారా మనుషుల తెలివి! తనంతట తానే ఊడాలట, అందుకోసం ముందే వదులు చెయ్యాలట. ఊళ్లో కరణాన్నీ మునసబునీ మోసం చేసిన అలవాటు మీద శనీశ్వరుణ్ణి కూడా మోసం చెయ్యొచ్చనుకున్నారు. నూకన్న ఆ గడ్డిచేను వైపు చూశాడు. తర్వాత కాటుక డొక్క వైపు చూశాడు. సరేనన్నాడు.

శుక్రవారం సాయంత్రం హుస్సేన్ సాయిబు కాటుకకి నాడాలు సరిచేస్తున్నాడు. నాడా కొట్టడంలో అసలు కిటుకు చివర్లో ఉంటుంది. అడుగునుంచి కొట్టిన మేకు గిట్ట పక్కనుంచి బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొనని కిందికి మడిచి నొక్కాలి. కొన మడవని మేకు నిలవదు.

"సాయిబూ, కుడి ముంగాలికి కొనలు మడవకు" అన్నాడు నూకన్న.

సాయిబు చేతిలో సుత్తి ఆగింది. "ఎందుకు?"

నూకన్న విషయం చెప్పాడు. సాయిబు విని, చుట్ట పక్కన పడేశాడు. "నాడా అంటే చెప్పు కాదురా, ఇడిసీడానికి. ఊడితే అవతల పడతాదని ఎవడు సెప్పినాడు? సగం ఊడి తిరగబడితే? నోరులేని జీవం. నా సేత్తో ఆ పని సెయ్యను" అన్నాడు. అని, నా ఎనిమిది మేకుల కొనలూ ఒకటికి రెండుసార్లు మడిచి కొట్టాడు. నాకు ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున్నే నూకన్న ఆకురాయి పట్టుకుని ఒంటరిగా వచ్చాడు. "కాలెత్తమ్మా" అన్నాడు. కాటుక ఎత్తింది. ఎత్తదా మరి? ఆ ఒళ్లో కాలు పెడితే బెల్లం దొరుకుతుందని తప్ప దానికి ఇంకేం తెలుసు? నూకన్న ఆకురాయితో బయటివైపు నాలుగు కొనలూ రాకేశాడు. లోపలివైపు నాలుగింటి దగ్గరికొచ్చేసరికి చేయి ఆడలేదు. ఆకురాయి కింద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి మెడ మీద చెయ్యేసి, "అన్నీ నీ కడుపు కోసమేనే తల్లీ" అన్నాడు.

ఆ సగం పనే కొంపముంచింది. పాపమే చేస్తున్నప్పుడు ఎనిమిదీ రాకేసి ఉంటే నేను ఎగిరి ఏ గట్టవతలో పడేదాన్ని. గుర్రం మీద జాలిపడి నాలుగు వదిలేశాడు. ఇలాంటి జాలి కంటే సాయిబు తిట్టు వెయ్యి రెట్లు నయం.

పందెంలో నాలుగు గుర్రాలున్నాయి. నూకన్నే కాటుక మీద స్వారీ. రెండు రౌండ్లు అదే ముందుంది. మూడో రౌండు రెండో మలుపులో కాలు ఒరగగానే నా బయటి అంచు లేచిపోయింది. లోపలి నాలుగు మేకులు మాత్రం సాయిబు మాట మీద నిలబడి ఉన్నాయి. నేను అడ్డంగా తిరిగాను. ఊడి వచ్చిన మేకుల్లో ఒకటి నా కన్నంలోనే ఇరుక్కుని, మొన పైకి పెట్టి నిలబడింది. మరుసటి అడుగు కాటుక దాని మీదే వేసింది. అరికాల్లో మెత్తటి చోట మేకు సాంతం దిగింది.

గిట్టని కాయమని పుట్టించిన దాన్ని, దాన్నే పొడిచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నేను మళ్లీ కొలిమిలో పడి కరిగిపోవాలనిపిస్తుంది.

నూకన్నకి తెలియదనుకుంటున్నారా? జట్కావాడి కొడుక్కి గిట్టల చప్పుడు మారితే తెలియదా? తెలిసింది. కళ్లెం లాగితే ఆగేది. లాగలేదు. ఇంకో అడుగులో ఊడిపోతుందిలే, ఇంకో అడుగులో ఊడిపోతుందిలే అనుకుంటూ రెండున్నర రౌండ్లు పరిగెత్తించాడు. కాటుక పరిగెత్తింది. అడుగడుక్కీ నన్ను తొక్కుకుంటూ, అదే మేకు మళ్లీ మళ్లీ దింపుకుంటూ పరిగెత్తి, రెండోదిగా వచ్చింది. జనం ఈలలు వేశారు.

నీళ్ల ట్యాంకరు వెనక్కి తీసుకెళ్లి సాయిబు కాలెత్తి చూశాడు. పటకారుతో నన్ను పీకాడు. నెత్తురు ఆయన మోచేతిదాకా కారింది. తిట్టలేదు. "ముందు డాక్టరు దగ్గరికి తీసుకెల్లు. ఇనుము దిగింది. సూది ఏయించు" అన్నాడు.

పశువుల డాక్టరు ఎక్కడో లేడు. అక్కడే, షామియానా కింద, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. జగ్గునాయుడి పక్క కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"నాయుడు బాబు పక్కనే ఉన్నారు సాయిబూ" అన్నాడు నూకన్న. "మేకు దిగిందని సెప్తే పీకినట్టు తెలిసిపోద్ది. గడ్డి పోద్ది."

"గడ్డి తినడానికి గుర్రముండాల కదరా!"

నూకన్న వినలేదు. గాయంలో పసుపూ ఆముదమూ పోసి గుడ్డ కట్టాడు. తువ్వాలుతో నా మీది నెత్తురు తుడిచాడు. నేల మీద పడినట్టు కనబడాలని మట్టిలో పొర్లించాడు. తీసుకెళ్లి, "మూడో రౌండులో ఊడిపోనాది బాబూ, దానంతటదే" అన్నాడు. నాయుడు లేచి నిలబడి, కొత్త కండువా పరిచి, రెండు చేతులతో నన్ను అందుకున్నాడు. మైకువాడు అమ్మవారి మహిమ అన్నాడు. డప్పులు కొట్టించి నన్ను ఊరేగింపుగా తెచ్చారు. డాక్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

ఈ గుమ్మం మీంచి గడ్డిచేను బాగా కనిపిస్తుంది. నా ఖర్మ కాకపోతే ఎటో పడమటి గోడకి కొట్టి ఉండొచ్చు కదా! మొదటి వారం కాటుక కుంటుతూనే మేసింది. డొక్కలు పూడాయి. నూకన్న గట్టు మీద కూర్చుని దాన్ని చూస్తూ నవ్వుకునేవాడు. తప్పు చేసినా ఫలితం దక్కిందనుకున్నాడు పాపం.

పదో రోజు పొద్దున కాటుక కదలకుండా నిలబడింది. మెడ చాచింది, చెవులు నిక్కబొడుచుకున్నాయి, తోక కర్రలా లేచింది. మోకాళ్ల దాకా పచ్చగడ్డి, ఒక్క పరక తినలేదు. నూకన్న లేతగడ్డి కోసి మూతికి అందించాడు. మూతి కదిలింది, పళ్లు విడలేదు. వేలితో దవడ విడదియ్యబోయాడు, రాలేదు. బెల్లం ముక్క పెదవి మీద పెట్టాడు. అది జారి గడ్డిలో పడిపోయింది. నూకన్న కాలువ గట్టు మీదుగా డాక్టరు ఇంటికి పరిగెత్తాడు.

డాక్టరు చూడగానే, "ధనుర్వాతం. ఎక్కడైనా ఇనుము గుచ్చుకుందా?" అన్నాడు.

"గుచ్చుకుంది బాబూ."

"ఎప్పుడు?"

"తీర్థం నాడు. పందెంలో."

డాక్టరు వంగి గిట్ట వైపు చూశాడు. "నేను అక్కడే కూర్చున్నాను కదయ్యా" అన్నాడు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం కాటుక పచ్చగడ్డిలో పడిపోయింది. పొక్లెయిన్ తెచ్చి చేను చివర గొయ్యి తీశారు. నూకన్న అక్కణ్ణుంచి తిన్నగా ఈ గుమ్మం ముందుకి వచ్చాడు. ఒంటి మీద మట్టి అలాగే ఉంది.

"బాబూ, ఆ నాడా ఇచ్చీండి. దాంతోపాటే పాతెత్తాను. అది ఊడలేదు బాబూ. నానే కొనలు రాకీసినాను. అది కాల్లో దిగిపోతే పీకినాం. అబద్ధం సెప్పినాను."

జగ్గునాయుడు జాలిగా చూశాడు. "గుర్రం పోయిన బాదలో ఏటేటో అంటన్నావు. ఎల్లి అన్నం తిను."

"నిజం బాబూ. సాయిబుని అడగండి."

"ఒరే నూకన్నా, ఇది మా గుమ్మానికెక్కిన కాడినుంచి ఈ ఇంట్లో ఎవరికీ కాలిలో ముల్లు కూడా దిగలేదు. మాకు రావాల్సిన గండం నీ గుర్రం మీదుగా పోయింది. ఇంతకంటే రుజువేటి కావాల? అలాటిదాన్ని తీసి గోతిలో పారెయ్యమంటావా?"

నూకన్న తలెత్తి నా వైపు చూశాడు. కళ్లకద్దుకోలేదు. ఈ గుమ్మంలో నన్ను చూసి దణ్ణం పెట్టని మనిషి అతనొక్కడే. వాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను. కానీ ఆ క్షణాన నన్ను పీకి తీసుకుపోతాడేమోనని ఆశపడ్డాను. గుమ్మం ఎత్తుగా ఉంది. ఒక్కసారి చెయ్యి చాపి, అందక, దించేసి వెళ్లిపోయాడు.

నాయుడికి అనుమానం పట్టుకుంది, వాడు వచ్చి ఎత్తుకుపోతాడేమోనని. మర్నాడే వడ్రంగిని పిలిపించాడు. అంతవరకూ రెండు మేకుల మీద వేలాడుతున్న నాకు ఎనిమిది కన్నాల్లోనూ కొత్త మేకులు దిగాయి. గుమ్మం మీది టేకు పలకకి వెనకవైపు పొడుచుకొచ్చిన కొనలన్నీ, ఒక్కటి వదలకుండా, మడిచి కొట్టించాడు.

"ఇంక ఊడమన్నా ఊడదు బాబూ" అన్నాడు వడ్రంగి.